కల్లుప్పు వానల్లో నీరు కారకుండా కడుక్కోవడం

కోస్తాలోని ఇస్కపల్లి, కనుపర్తి వైపు ఉప్పు కొటార్ల నుంచి, అంటే సముద్రపు నీటిని ఎండగట్టి ఉప్పు తీసే మడుల నుంచి తెచ్చిన కల్లుప్పు అక్టోబరు వానలు పడగానే జాడీలో నీరు కారుతుంది. ఉప్పును అంటిపెట్టుకుని వచ్చే మెగ్నీషియం క్లోరైడే ఇందుకు కారణం. అసలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో తేమ 75 శాతం దాటితేగాని చెమ్మగిల్లదు. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. ఉప్పులో తగిలే చేదు కూడా దీనిదే.

మంచినీళ్లతో కడిగితే చేదుతోపాటు ఉప్పూ పోతుంది. లీటరు నీళ్లు దాదాపు 360 గ్రాముల ఉప్పును కరిగించుకోగలవు కాబట్టి, కిలో ఉప్పును అరలీటరు చొప్పున రెండుసార్లు బాగా కలిపి కడిగితే మూడోవంతు దాకా కాలవలో కలిసినట్టే. అందుకే ఉప్పునీళ్లతోనే కడగాలి, అదీ ఇక ఉప్పు కరగనంత చిక్కటి నీళ్లతో. దీన్నే సంతృప్త ద్రావణం అంటారు. అది సోడియం క్లోరైడుకే సంతృప్తం, మెగ్నీషియం క్లోరైడును మాత్రం ఇంకా బోలెడంత కరిగించుకుంటుంది. ఈ పద్ధతికి ఆధారమంతా ఇదే.

ద్రావణానికి లీటరు మంచినీళ్లు, 400 గ్రాముల శుభ్రమైన ఉప్పు తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్టు గానీ గాజుపాత్ర గానీ వాడండి, అల్యూమినియం గిన్నెకు ఉప్పునీళ్లు చిల్లులు పెడతాయి. పావుగంట కలిపాక అడుగున కొంచెం ఉప్పు మిగిలే ఉండాలి. ఏమీ మిగలకపోతే ద్రావణం ఇంకా సంతృప్తం కాలేదని అర్థం, మరో గుప్పెడు వేయండి. నీళ్లు కాచి ప్రయోజనం లేదు: మరిగే నీళ్లలో కూడా లీటరుకు 390 గ్రాములే కరుగుతుంది. వేడికి త్వరగా కరుగుతుందంతే. పటికలాంటి వాటికి వేడి బాగా పనికొస్తుంది, ఉప్పుకు కాదు. తేరాక పైతేటను పలచటి గుడ్డలో వడకట్టండి. ప్యాకెట్టు ఉప్పు వాడితే, గడ్డకట్టకుండా అందులో కలిపే పొడివల్ల నీళ్లు కాస్త తెల్లగా కనిపించవచ్చు. వడకడితే చాలు.

కల్లుప్పును కందిబద్దంత సైజుకు నలగ్గొట్టండి. ఈ పని మానొద్దు. రాళ్లు పేరుకునేటప్పుడు మడిలోని చేదునీరు లోపల చిన్న చిన్న అరల్లో చిక్కుకుపోతుంది, పైన ఎంత కడిగినా అది బయటికి రాదు. కిలోకు అరలీటరు ద్రావణం పోసి రెండు మూడు నిమిషాలు కలిపి, చిల్లుల బుట్టలో వంచి పూర్తిగా ఓడ్చండి. కొత్త ద్రావణంతో మళ్లీ ఒకసారి ఇలాగే చేయండి. ఓడ్చడం సరిగ్గా జరగకపోతే కడిగినదంతా వృథా, ఎందుకంటే మెగ్నీషియం ఉన్నది ఆ తడిలోనే. మంచి ఎండలో పలచగా ఆరబోసి, సముద్రపుగాలి తిరిగేలోపే ఎత్తి మూత బిగించండి.

కడిగిన నీళ్లలో కొన్ని చుక్కల చాకలిసోడా ద్రావణం వేసి చూడండి. తెల్లగా విరిగితే మెగ్నీషియం, కాల్షియం దిగుతున్నట్టు. రెండో కడుగులో తెలుపు బాగా తగ్గాలి, తగ్గకపోతే మూడోసారి కడగండి. మొదటి కడుగు నీళ్లను మళ్లీ వాడొద్దు, చెట్ల మొదట్లో అసలే పోయొద్దు.

ఇలా కడిగిన ఉప్పు ఊరగాయలకు బాగుంటుంది. దీంట్లో అయోడిన్ ఉండదు కాబట్టి రోజువారీ కూరలకు అయోడిన్ ఉప్పే వాడండి.