రథోత్సవంలో భక్తి పుస్తకాలు పంచాలంటే

రథం కదులుతున్నప్పుడు రథవీధిలో పుస్తకం ఇవ్వకండి. ఎన్ని తప్పినా ఈ ఒక్కటీ తప్పకూడదు. గోవింద నామంతో జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చినప్పుడు ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. ఒక చేయి దణ్ణానికి లేస్తుంది, ఇంకోటి పిల్లవాణ్ణి పట్టుకుని ఉంటుంది. జారిన పుస్తకం కాళ్ళ కింద పడుతుంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మన మనిషి దానికోసం వంగుతాడు. మోకులు లాగే చోట వంగడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కదిరిలో అయితే రథం మీదికి దవనం, మిరియాలు విసురుతారు, వాటిని ఏరుకోవడానికి ఎలాగూ తొక్కిసలాట ఉంటుంది. మనం దానికి తోడు కావద్దు.

ముందుగా అనుమతి. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడి అయితే కార్యనిర్వహణాధికారికి మూడు వారాల ముందే అర్జీ పెట్టండి. పంచబోయే ప్రతి పుస్తకం ఒక ప్రతి, ఎంతమంది వస్తారు, ఎక్కడ నిలబడతారు అన్నది జతచేయండి. పోలీసు బందోబస్తు ఎక్కడ తాళ్ళు కడుతుందో అడిగి తెలుసుకోండి. బల్ల వేసుకున్నాక అది తాడుకు లోపల పడితే తీయించేస్తారు.

పుస్తకం ఎంపికలో ఆశ తగ్గించుకోవాలి. లావు పుస్తకం చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కానీ ప్రసాదం సంచిలో పట్టదు. డెమ్మీ సైజులో (సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు) 32 పేజీలు, 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం, కాస్త మందం అట్ట అయితే ఒక్కోటి సుమారు 45 గ్రాములు తూగుతుంది. భుజం సంచిలో 50 పెట్టుకుంటే రెండున్నర కిలోలలోపే. అంతకు మించితే గంటలో భుజం లాగేస్తుంది. పేజీలు 16 గుణిజాల్లో ఉంటే కాగితం వృథా కాదు. 32 పేజీలకు మధ్య పిన్నులు చాలు. పల్చటి పుస్తకానికి జిగురు బైండింగు వేయిస్తే ఎండకు విడిపోయి పేజీలు ఊడతాయి. అక్షరం 16 పాయింట్లకు తగ్గనివ్వకండి, ఎక్కువమంది చదివేది అమ్మమ్మలూ తాతయ్యలే. వెనక అట్ట మీద దేవుడి బొమ్మ వద్దు, పుస్తకం కింద పెట్టినప్పుడు నేలకు ఆనేది ఆ వైపే.

ప్రూఫు మీద మాత్రం కూర్చోవాలి. డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ఫైలును యూనికోడ్‌లోకి (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే అక్షర పద్ధతిలోకి) మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకుంటాయి. కళ్ళతో చూస్తే దొరకవు. ఒకరు పాత ప్రతి పట్టుకోవాలి, ఇంకొకరు కొత్తది పైకి చదవాలి. స్తోత్రంలో శ, ష, స తారుమారైతే అర్థమే మారిపోతుంది, అదే తప్పు వెయ్యి ఇళ్ళల్లో పారాయణ అవుతుంది. విష్ణు సహస్రనామం, పోతన పద్యాలు ఎవరైనా వేసుకోవచ్చు. ఇటీవలి పండితుల తాత్పర్యం వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు కాపీరైటు హక్కు ఉంటుంది.

ఇక ఎప్పుడు, ఎక్కడ. జనం కూర్చునే చోటు వెతకండి. అంతర్వేదిలో కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథం మర్నాడు భీష్మ ఏకాదశి నాడు. రాత్రంతా అక్కడే ఉండిపోయినవాళ్ళు తెల్లవారేసరికి తీరుబడిగా దొరుకుతారు. అయితే మాఘమాసపు మంచుకు అట్టలు చెమ్మగిల్లుతాయి, కట్టల మీద టార్పాలిన్ కప్పి, కింద బల్లచెక్క వేయండి. మంగళగిరి రథం ఫాల్గుణ పౌర్ణమి నాడు, అప్పటికి ఎండ ముదురుతుంది. చలివేంద్రం పక్క నీడ కంటే మంచి చోటు లేదు. తిరుగు ప్రయాణంలో బస్టాండు ఇంకా మంచిది, అక్కడ తీసుకున్న పుస్తకం నేరుగా ఇంటికే వెళ్తుంది. చెప్పుల స్టాండు దగ్గర వద్దు, చెప్పులు పట్టుకున్న చేత్తో ఎవరూ తీసుకోరు. అన్నదానం నుంచి వచ్చేవాళ్ళ చేతులు తడిగా ఉంటాయి, పది అడుగులు పోనిచ్చి ఇవ్వండి.

ఇద్దరిద్దరుగా నిలబడండి, ఒకరు ఇస్తుంటే ఒకరు కట్టలు విప్పాలి. కుడిచేత్తో, అట్ట వాళ్ళకు సూటిగా కనబడేలా పట్టుకోండి. “అమ్మా, సహస్రనామం అండి, పెద్దక్షరాలు. డబ్బులక్కర్లేదు. ఇంట్లో చదివేవాళ్ళున్నారా?” ఈ నాలుగు మాటలు చాలు. ఉచితమన్న మాట ముందే రావాలి. లేకపోతే తర్వాత డబ్బు అడుగుతారేమోనని చేయి వెనక్కి తీసుకుంటారు. వెల పెట్టదలిస్తే బోర్డు మీద రాయండి, చేతిలో పెట్టాక విరాళం అడగడం మర్యాద కాదు. చదువు రానివాళ్ళను చిన్నబుచ్చకుండా, పక్కనున్న మనవరాలికి ఇచ్చి “అమ్మమ్మకు చదివి వినిపించమ్మా” అనండి. కదిరికి కన్నడం వాళ్ళూ, శ్రీకాళహస్తికి తమిళులూ వస్తారు, ఆ భాషల్లో ఒక్కో కట్ట అయినా ఉంచుకోండి. వద్దన్నవాళ్ళకు నమస్కారం పెట్టి వదిలేయండి. ఫోన్ నంబర్లు అడగకండి.

ఇలా మాట కలిపి ఇస్తే ఒక జంట గంటకు 80 పుస్తకాలు దాటించలేదు. మూడు జంటలు, నాలుగు గంటలు అనుకుంటే 960. కాబట్టి వెయ్యి చాలు. రెండు వేలు తెస్తే చివర్లో బరువు దించుకోవడానికి కుటుంబానికి నాలుగేసి చొప్పున చేతుల్లో కుక్కడం మొదలవుతుంది, అవే రోడ్డు పక్కన కనబడతాయి.

రథం నిలుపు చేరి, జనం పలచబడ్డాక పంచిన దారంతా ఒకసారి నడవండి. కింద పడ్డవి ఏరండి. మట్టి అంటినవి విడి సంచిలో వేసి, ఇంటికెళ్ళాక గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. మిగిలినవాటిని పేరు పేరునా లెక్కపెట్టి, ఏ చోట ఏది ఎన్ని పోయాయో ఆ రాత్రే రాసుకోండి. వచ్చే ఏడు ప్రెస్సుకు ఆర్డరు ఆ కాగితం చూసే ఇవ్వాలి.