కొండ కింద ఊళ్లో పార్కింగ్ రుసుము, చెత్త బాధ్యత: నిలబడే పంచాయతీ తీర్మానం చేయించడం ఎలా

కార్తీకం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్లేదాకా, ఆదివారం వస్తే చాలు, విజయనగరం జిల్లా ఎస్.కోట (శృంగవరపుకోట), గంట్యాడ మండలాల్లో కొండల అంచున ఉన్న ఊళ్లకు కార్లు, బైకులు వరస కడతాయి. సాయంత్రానికి గెడ్డ (కొండవాగు) నిండా పేపర్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సీసాలు. సోమవారం ఉదయం పశువులు నీళ్లు తాగాల్సింది ఆ గెడ్డలోనే. విసుగెత్తిన ఊరి కుర్రాళ్లు రోడ్డుకి వెదురుగెడ అడ్డం పెట్టి బండికి ఇరవై రూపాయలు వసూలు చేస్తారు. ఎవరో ఒకరు వీడియో తీస్తారు, పోలీసులు వస్తారు, అక్కడితో ఆగిపోతుంది. వాళ్ల ఉద్దేశం మంచిదే, చేతిలో పంచాయతీ తీర్మానమనే కాగితమే లేదు. ఆ కాగితాన్ని ఎవరూ రద్దు చేయించలేనట్టు ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

నవంబరుకల్లా అమల్లోకి రావాలంటే పని జులైలోనే మొదలుపెట్టాలి. దీపావళి వెళ్లాక కదిలితే ఆ ఏడాదికి ఆశ వదులుకోవడమే.

ముందు నేల ఎవరిదో తేల్చండి

ఎక్కువ తీర్మానాలు చెడేది ఇక్కడే. బళ్లు ఆగే చోటు ఊరిదేనని అందరూ అనుకుంటారు. రికార్డు తీసి చూస్తే మరొకరిది.

బళ్లు ఆగే చోటి సర్వే నంబరు పట్టుకుని సచివాలయంలో గ్రామ సర్వేయర్‌ని, వీఆర్వోని కలవండి. అడంగల్, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) రెండూ చూడండి. అడంగల్లో నేల రకం, ఎఫ్‌ఎంబీలో హద్దులు ఉంటాయి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే, కొలతల దగ్గర పక్క రైతుతో తగాదా తప్పదు.

పంచాయతీరాజ్ చట్టం (1994) ప్రకారం పశువుల మేత బయళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిపే చోట్లు, బళ్ల స్టాండ్లు, తోపుల పోరంబోకులు పంచాయతీ ఆధీనంలో ఉంటాయి. బళ్ల స్టాండు ఏర్పాటు చేసి, వాడుకున్నవారి దగ్గర రుసుము తీసుకునే అధికారం పంచాయతీకి ఉంది. ఆ మాటలో ఎడ్లబండితో పాటు మోటారు వాహనాలూ వస్తాయి. మీ పార్కింగుకి అసలు ఆధారం ఇదే. అందుకే తీర్మానంలో ‘పార్కింగ్’ అని ఒక్కటే రాయకుండా ‘బళ్ల స్టాండు’ అనే మాట కూడా పెట్టండి.

పంచాయతీ చెయ్యి వేయకూడని చోట్లు:

రోడ్డు. విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లేది 516ఈ జాతీయ రహదారి. దాని మీద గాని, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు మీద గాని గెడ అడ్డం పెట్టే హక్కు ఏ పంచాయతీకీ లేదు. రుసుము రోడ్డు దిగి స్టాండులోకి వచ్చిన బండికే. దారిన పోయే బండిని ఆపకూడదు.

చెరువు గట్టు, రిజర్వాయరు గట్టు. తాటిపూడి లాంటి చోట గట్టు, దాని పక్క నేల జలవనరుల శాఖ చూసుకుంటుంది. అక్కడ బళ్లు ఆపించాలంటే ఆ శాఖ ఇంజనీరు రాతపూర్వక అనుమతి కావాలి. ఆ నీళ్లు విశాఖపట్నం వాళ్లు తాగేవి కూడా, కాబట్టి అక్కడ చెత్త ఊరి సమస్యతో ఆగదు. అర్జీలో ఈ సంగతి తప్పకుండా రాయండి.

రిజర్వు ఫారెస్టు. అటవీ హక్కుల చట్టం (2006) కింద గ్రామసభ సిఫారసు చేస్తే బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, రోడ్డు లాంటి 13 రకాల పనులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపే, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ 13లో పార్కింగ్ లేదు, రిసార్టు లేదు. ఎవరైనా ‘గ్రామసభ ఒప్పుకుంటే చాలు’ అని చెబితే నమ్మకండి.

గెడ్డ పోరంబోకు. వేసవిలో ఎండి చదునుగా కనిపిస్తుంది, బళ్లకి బాగుంటుందనిపిస్తుంది. దాని జోలికి వెళ్లకండి. కొండ మీద వాన పడితే కింద చినుకు లేకుండానే నీరు వచ్చేస్తుంది.

పంచాయతీ నేల ఏదీ దొరక్కపోతే, జీడితోటో మామిడితోటో ఉన్న రైతు దగ్గర సీజన్‌కి లీజు తీసుకోవచ్చు. లీజు పంచాయతీ పేరునే ఉండాలి.

లెక్క కట్టకుండా సభకి వెళ్లొద్దు

నాలుగు ఆదివారాలు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఇద్దర్ని కూర్చోబెట్టి బళ్లు లెక్కపెట్టించండి. నోటు పుస్తకంలో గంటగంటకీ గీతలు చాలు. కిందటి సీజన్‌లో లెక్కపెట్టి ఉంటే మరీ మంచిది.

ఉదాహరణకి ఆదివారానికి 60 కార్లు, 90 బైకులు అనుకుందాం. కారుకి రూ. 30, బైకుకి రూ. 10 పెడితే రోజుకి రూ. 2,700. సీజన్‌లో 12 ఆదివారాలకు రూ. 32,400. అందరి దగ్గరా వసూలు కాదు కాబట్టి 70 శాతం వేసుకుంటే రూ. 22,680. ఇప్పుడు ఖర్చు: ఇద్దరు మనుషులు, ఆదివారం వసూలు, సోమవారం చెత్త ఎత్తడం, రోజుకి రూ. 500 చొప్పున వారానికి రూ. 2,000. పన్నెండు వారాలకు రూ. 24,000. అంటే సంచి కొనకముందే నష్టం. అదే కారుకి రూ. 50, బైకుకి రూ. 20 అయితే 70 శాతం వసూలుకే రూ. 40,320 వస్తుంది. కూలి పోను రూ. 16,320 మిగులుతుంది. సంచులకీ, ట్రైసైకిల్ మరమ్మతుకీ, బోర్డుకీ అది సరిపోతుంది.

సభలో ఎవరో లేచి ‘యాభై ఎక్కువ, ఇరవై చాలు’ అంటారు. జవాబు ఈ కాగితమే. లెక్క లేకపోతే గొంతు పెద్దది ఉన్నవాడి మాట నెగ్గుతుంది.

గ్రామసభ ముందు, పంచాయతీ తర్వాత

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. గ్రామసభ అంటే ఓటర్లందరూ. పంచాయతీ అంటే సర్పంచి, వార్డు సభ్యులు. కొత్త పన్ను గాని, ఉన్నది పెంచడం గాని ఆలోచించినప్పుడు ఆ ప్రతిపాదన గ్రామసభ ముందు పెట్టాలని చట్టం చెబుతోంది. ఆ తర్వాత నిర్ణయం తీసుకుని తీర్మానం రాయాల్సింది పంచాయతీ. గ్రామసభలో చప్పట్లు కొట్టి ఊరుకుంటే తీర్మానం పుట్టదు. గ్రామసభ లేకుండా పంచాయతీ ఒక్కటే చేసేస్తే, కోర్టుకెళ్లినవాడికి మొదటి ఆయుధం మీరే అందించినట్టు.

ఆగస్టు 15 గ్రామసభకు అంశం పెట్టించండి. కార్యదర్శికి పది రోజుల ముందే అర్జీ ఇచ్చి, మీ దగ్గరున్న నకలు మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ‘ఇతర అంశాలు’ కింద కాకుండా విడిగా నంబరు వేసి అజెండాలో ఉండాలి. గ్రామసభ అసలు పెట్టని సర్పంచి పదవే పోతుందని చట్టంలో ఉంది. కాబట్టి మర్యాదగా అడిగితే చాలు, కాదనలేరు. ఎన్నికలు కాక ప్రత్యేకాధికారి ఉంటే అర్జీ ఆయనకే.

కొండ మీది శివారు పల్లెల వాళ్లు సభకి రాలేకపోతే ఈ తీర్మానానికి విలువ సగమే. దిగి రావడానికి రెండు గంటలు, ఎక్కడానికి మూడు గంటలు పట్టే ఊళ్లున్నాయి. ఉభాల (వరినాట్ల) రోజుల్లో, సంత రోజున సభ వద్దు. చాటింపు కింది ఊళ్లోనే వేసి ఊరుకోకుండా, రేషన్‌కి దిగిన రోజున ప్రతి శివారు పెద్దకీ చెప్పి పంపండి. వీలైతే శివారులోనే ముందు ఒక కూటం పెట్టి, వాళ్ల మాటలు కాగితం మీద రాసి సంతకాలు, వేలిముద్రలతో గ్రామసభకు తెండి. వాళ్ల ఊళ్ల నుంచి డోలీలో రోగిని దించినప్పుడు 108 వచ్చి ఆగేది, వెనక్కి తిరిగేది చాలాచోట్ల ఈ పార్కింగు జాగాలోనే. ఆ తిరుగు జాగా వాళ్లే వచ్చి చూపించాలి. సున్నం గీసి, ఆదివారమైనా సరే అక్కడ ఒక్క బైకు కూడా నిలపనివ్వకూడదు.

ఇంకో మాట. ఊరు కొండ మీద ఉన్నంత మాత్రాన పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) వర్తించదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిగిలిన గిరిజన ఊళ్లలో చాలావరకు షెడ్యూల్డు ప్రాంతం కిందకి రావు. మీ ఊరి పేరు జాబితాలో ఉందో లేదో ఎంపీడీఓ ఆఫీసులో చూడండి. ఉంటే 2011 నాటి పెసా నియమాలు పాటించాలి: సభ్యుల్లో మూడో వంతు హాజరు, ఆ వచ్చినవాళ్లలో సగానికి తగ్గకుండా గిరిజనులు. అక్కడ మామూలు గ్రామసభ పద్ధతిలో చేసిన తీర్మానం చెల్లదు.

తర్వాత సెప్టెంబరులో పంచాయతీ సమావేశం. సభ్యులకు మూడు పూర్తి రోజుల ముందు నోటీసు అందాలి, నోటీసిచ్చిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. కోరం మూడో వంతు.

తీర్మానం రాత

మామూలుగా మినిట్స్ పుస్తకంలో కనిపించేది ఇది:

‘గ్రామానికి వచ్చు పర్యాటకుల వలన ఇబ్బందులు కలుగుచున్నందున తగు చర్యలు తీసుకొనుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’

దీంతో ఏ పనీ జరగదు. ఎవరు, ఎక్కడ, ఎంత, ఎప్పట్నుంచి అన్నది లేదు. రాయించాల్సింది ఇలా:

‘ఆగస్టు 15 గ్రామసభ సిఫారసును పరిశీలించి, సర్వే నంబరు ___లో ___ సెంట్ల బళ్ల స్టాండు (వాహన పార్కింగ్) స్థలమందు, నవంబరు 1 నుంచి జనవరి 31 వరకు ఆదివారములు, సెలవు దినములలో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు నిలుపు కారు, జీపు ఒక్కింటికి రూ. 50, ద్విచక్ర వాహనమునకు రూ. 20 వసూలు చేయుటకు. పంచాయతీ నివాసుల, వారి చుట్టముల వాహనములు, 108, రేషన్, పాల వాహనములు, స్కూలు బస్సులు మినహాయించుటకు. సొమ్ము మరుసటి పనిదినమున పంచాయతీ ఖాతాకు జమచేసి, అందు మొదట స్టాండు, గెడ్డ ఒడ్డు పారిశుధ్యమునకు వెచ్చించుటకు. కార్యదర్శి అమలుచేసి ప్రతి నెల సమావేశమున లెక్క ఉంచుటకు తీర్మానించడమైనది.’

ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు, వ్యతిరేకించినవారుంటే వాళ్ల పేర్లు కూడా రాయించండి. చివరి వాక్యం కిందే సంతకాలు పడాలి. మధ్యలో ఖాళీ వదిలితే తర్వాత అందులో ఏదో ఒకటి చేరుతుంది. ‘జరిమానా’ అనే మాట మాత్రం పెట్టకండి. జరిమానాకి చట్టంలోనో ఉపవిధుల్లోనో ఆధారం ఉండాలి, ఒట్టి తీర్మానం మీద అది నిలవదు. పైగా తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం పై అధికారులకు ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం కొట్టేస్తారు.

పాటా, సొంత వసూలా

మొదటి ఏడాది వేలం వద్దనే మా మాట. ఆదాయం ఎంతో తెలియకుండా పాట పెడితే ఆశీలు (వసూలు హక్కు) పాడినవాడు అగ్గువకి కొట్టేస్తాడు, లేదా హెచ్చుకు పాడి, నష్టం పూడ్చుకోవడానికి యాభైకి బదులు వంద గుంజుతాడు. చెత్త ఎత్తడు. ఒక సీజన్ పంచాయతీయే మనుషుల్ని పెట్టి వసూలు చేస్తే నిజమైన అంకె తెలుస్తుంది. రెండో ఏడు పాట పెట్టినా, ధరావతు సొమ్ము చెత్త శుభ్రతకు ముడిపెట్టి షరతులు రాయొచ్చు.

రశీదు పుస్తకాలు వరస నంబర్లతో, పంచాయతీ ముద్రతో కార్యదర్శి దగ్గర నుంచే తీసుకోవాలి. ఫోన్ చెల్లింపులకు పంచాయతీ ఖాతా క్యూఆర్ కోడే పెట్టాలి. ‘ప్రస్తుతానికి మా వాడి నంబరుకి కొట్టండి’ అన్న రోజే నమ్మకం పోతుంది.

చెత్తని మూడు రకాలుగా వేరు చేస్తే చాలు. తిండి, ఆకు విస్తర్లు గోతిలోకి. ప్లాస్టిక్ సంచిలోకి. సీసాలు రేకు డబ్బాలోకి, ఎందుకంటే గాజు సంచిని చీల్చి ఎత్తేవాళ్ల కాళ్లు కోస్తుంది. పేపర్ ప్లేటు కాగితమే కదా అని గోతిలో వేస్తారు. లోపల మెరిసే పొర ప్లాస్టిక్, కుళ్లదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది కాబట్టి, ఊరి దుకాణాల్లో అవి అమ్మకుండా పంచాయతీ నోటీసు ఇవ్వొచ్చు. వాటి బదులు కొండ మీది ఆడవాళ్లు వెదురు పుల్లలతో కుట్టే అడ్డాకు విస్తర్లు స్టాండు దగ్గరే అమ్మించండి.

కాగితాలు దాచుకోండి

తీర్మానం నకలు వారంలోగా తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండలంలో రూ. 5, జిల్లాలో రూ. 10. జవాబుకి 30 రోజులు గడువు. తీర్మానం ఉండీ అమలు కాకపోతే ముందు ఎంపీడీఓకి, ఆపైన డీపీఓకి (జిల్లా పంచాయతీ అధికారికి), తర్వాత సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజున. వెళ్లిన ప్రతిసారీ అర్జీ నంబరు తీసుకోండి.

కనుమ వెళ్లాక జనవరి 26 గ్రామసభలో అప్పటిదాకా అయిన లెక్క చదివించండి: ఎన్ని రశీదులు చిరిగాయి, ఎంత జమైంది, కూలీకి ఎంత పోయింది, ఎన్ని సంచుల చెత్త ఎత్తారు, మిగిలిన రశీదు పుస్తకాలు ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు కార్యదర్శికి అప్పగించారు.