దూరపు సైకిల్ పందెం, మూడవ పాఠం: ఆగి ఉన్న గంటల సాధన

గత రెండు పాఠాలలో సైకిల్ ఎంపికనూ, దానికి కట్టే సంచుల సర్దుబాటునూ చూశాము. ఈ పాఠం దేహానికీ మనసుకూ సంబంధించినది. ఉదాహరణకు ఎప్పటిలాగే టూర్ డివైడ్‌నే తీసుకుందాము. ఏటా జూన్ రెండవ శుక్రవారం కెనడాలోని బాన్ఫ్‌లో బయలుదేరి, రాకీ పర్వతాల నీటి విభజన రేఖను అనేకసార్లు దాటుతూ, అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రపు దక్షిణ సరిహద్దున ఉన్న యాంటిలోప్ వెల్స్ దగ్గర ముగిసే ఈ దారి సుమారు 4,400 కిలోమీటర్లు. అందులో అధిక భాగం కంకర రోడ్డూ మట్టి బాటే. ఎక్కవలసిన ఎత్తంతా కలిపితే సుమారు 60,000 మీటర్లు, అంటే అలిపిరి నుంచి తిరుమలకు ఇంచుమించు ఎనభై సార్లు ఎక్కినట్లు. ప్రవేశ రుసుము లేదు, బహుమతి లేదు. ఇతర పోటీదారులందరికీ అందుబాటులో లేని సహాయాన్ని ఎవరూ తీసుకోకూడదన్నదే ముఖ్య నియమం.

ఇంత దూరం అనగానే కొత్తవారు కాళ్ల బలం గురించి ఆలోచిస్తారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. బ్రిటన్‌కు చెందిన మైక్ హాల్ 2016లో ఈ దారిని 13 రోజుల 22 గంటల 51 నిమిషాలలో ముగించారు. ఆ రికార్డును తరువాతివారు దాటారు గానీ, మన లెక్కకు అది చాలు. నిద్రా తిండీ అన్నీ కలుపుకొని గడియారం ప్రకారం చూస్తే ఆయన వేగం గంటకు 13 కిలోమీటర్లు. తెల్లవారి వీధిలో పాలపాకెట్లు వేసే కుర్రవాడు కూడా అంతకు తగ్గడు. ఆ వేగం గొప్పదనమంతా అది పద్నాలుగు రోజులు దాదాపు ఆగకపోవడంలోనే ఉంది.

మనలాంటివారికి 25 రోజులు మంచి లక్ష్యం. రోజుకు 176 కిలోమీటర్లు. బరువుతో, మట్టి బాట మీద, గంటకు పన్నెండున్నర చొప్పున తొక్కితే పద్నాలుగు గంటల పని. మిగిలిన పది గంటలలో ఆరు నిద్రకు పోతే, నాలుగు గంటలు తినడానికీ, కొనడానికీ, నీళ్లు పట్టుకోవడానికీ, పంక్చర్ వేసుకోవడానికీ, దారి తప్పి వెనక్కి రావడానికీ మిగులుతాయి. సిద్ధపడేవారు తొక్కే గంటలకు నెలల తరబడి సాధన చేస్తారు, ఈ నాలుగు గంటలకు మాత్రం ఒక్క రోజు కూడా చేయరు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

కాళ్ల సంగతి క్లుప్తంగా

జూన్ పందేనికి డిసెంబరులో మొదలుపెడితే ఇరవై నాలుగు వారాలు చేతిలో ఉంటాయి. మన దేశంలో దీనికి సిద్ధంగా ఉన్న బడి బీఆర్ఎం, అంటే నిర్ణీత గడువులోపు ముగించవలసిన దూరపు సైకిల్ ప్రయాణాలు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు ఇచ్చే ఆ నాలుగింటినీ ఒకే సీజన్‌లో పూర్తి చేయడం కనీసపు అర్హత అనుకోండి. అయితే బీఆర్ఎం ఎక్కువగా తారురోడ్డు మీద, తేలిక సంచితో జరుగుతుంది. కాబట్టి మార్చి నుంచి నెలకొకసారి శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు వరుసగా, పూర్తి సామానుతో, వీలైనంత మట్టి బాటలో తొక్కాలి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టుపక్కల గానీ, అరకు ఘాట్ వైపు గానీ ఇందుకు తగిన దారులు దొరుకుతాయి. మాటలు తడబడకుండా మాట్లాడగలిగే శ్రమలోనే ఎక్కువ సమయం ఉండాలి; ఆయాసపడే తొక్కుడు వారానికి ఒక్కరోజు చాలు. ప్రతి నాలుగవ వారం దూరాన్ని సగానికి తగ్గించండి. మోకాలు, మడమ పైనుండే స్నాయువు బలపడడానికి కండరాల కన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఏప్రిల్‌లో ఉత్సాహం పట్టలేక దూరాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసేవారికే మడమ నొప్పి పట్టుకుంటుంది.

సైకిల్‌ను తోసుకుంటూ నడవడం కూడా సాధనలో భాగమే. కెనడా భాగంలో కోకో క్లెయిమ్స్ అనే కనుమ మీద, తొక్కడం కుదరని రాళ్లలో సామానంతటితో సైకిల్‌ను పైకి నెట్టాలి. వారానికొకసారి ఏదైనా గుట్ట మీదికి అరగంట సేపు నెట్టుకుంటూ వెళ్లండి. మరునాడు భుజాలే చెబుతాయి ఎక్కడ బలం చాలదో.

తాకిడి ఉన్న మూడు చోట్లు

దేహం సైకిల్‌ను తాకే చోట్లు మూడు: అరచేతులు, పాదాలు, కూర్చునే భాగం. చాలామంది ఊపిరితిత్తులు చాలక కాక, ఈ మూడింటిలో ఒకటి పాడై ఆగిపోతారు.

నాకు ఎదురైనది చెబుతాను. ఒక 600 బీఆర్ఎం ముగించిన మరునాడు ఉదయం చొక్కా గుండీ పెట్టుకోబోతే కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ నా మాట వినలేదు. గుండీ రంధ్రం అంచును తాకుతుంది, లోపలికి దూరదు. తాళం చెవి తిప్పడానికి ఎడమచేతిని వాడవలసివచ్చింది. మూడు వారాల పాటు నా చొక్కా గుండీలు అమ్మే పెట్టింది. మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు దిగే అల్నార్ నరం హ్యాండిల్ మీద గంటల తరబడి నలగడమే దానికి కారణం. దస్తానాలు మందంగా ఉంటే చాలనుకున్నాను. అసలు తప్పు సీటు ముక్కు కాస్త కిందికి వంగి ఉండడం, అందువల్ల ఒంటి బరువంతా చేతుల మీదికి జారడం. సీటును సమతలంగా చేసి, హ్యాండిల్‌ను రెండు సెంటీమీటర్లు పైకి లేపి, పావుగంటకొకసారి పట్టు మార్చడం అలవాటు చేసుకున్నాక ఆ బాధ మళ్లీ రాలేదు. వేలు తిమ్మిరెక్కడం మొదలైన రోజే సర్దుబాటు చేయాలి; మూడవ రోజుకు ఆలస్యమైపోతుంది.

మెడ విషయం ఇంతకన్నా గంభీరమైనది. తలను నిలబెట్టే వెనుక కండరాలు పూర్తిగా అలసిపోయి తల వాలిపోయే స్థితి ఒకటుంది. 1983 రేస్ అక్రాస్ అమెరికాలో మైకేల్ షెర్మర్ అనే పోటీదారుకు ఎదురైనందున దానికి ఆయన పేరే స్థిరపడింది. బోర్లా పడుకొని తలను నేల నుంచి రెండు అంగుళాలు లేపి నిలపడం, అరచేతితో నుదుటిని అడ్డుకుంటూ తలను ముందుకు నెట్టడం వంటి చిన్న వ్యాయామాలను రోజుకు పది నిమిషాలు చేయండి.

కూర్చునే భాగంలో పుండ్లకు మూలం తడి, ఒరిపిడి. మెత్త ఉన్న నిక్కరు లోపల మరే లోదుస్తూ వేసుకోకూడదు. మనవాళ్లు మొహమాటానికి వేసుకొని, ఆ కుట్టు అంచుల దగ్గరే కోసుకుపోతారు. రాత్రి ఆగగానే తిండి కన్నా ముందు ఆ భాగాన్ని సబ్బుతో కడిగి, తుడిచి, పొడి బట్టలోకి మారాలి.

తిండి

పిండిపదార్థంగా దేహం దాచుకునే నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. తొక్కేటప్పుడు అది కొన్ని గంటలలోనే అడుగంటుతుంది కాబట్టి గంటకు 40 నుంచి 60 గ్రాములు లోపలికి పోతూ ఉండాలి. రెండు అరటిపళ్లూ చిన్న బెల్లం ముక్కా కలిపితే దాదాపు అంత. ఆకలి వేశాక తినడం కాదు, గంట కొట్టినట్లు తినడం నేర్చుకోవాలి.

ఇంటి దగ్గర సున్నుండలూ పల్లీపట్టీలూ పెరుగన్నమూ పెట్టుకొని సాధన చేయడం హాయిగానే ఉంటుంది, కానీ దారిలోని మొంటానా రాష్ట్రంలో పెట్రోలు బంకు దుకాణంలో పెరుగన్నం దొరకదు. అక్కడ దొరికేది చల్లబడిన పిజ్జా, చిప్స్, చాక్లెట్, చిక్కుడు గింజలు చుట్టిన బరీటో. శాకాహారులు వేరుశనగ వెన్న, చీజ్, టోర్టియా రొట్టెల మీద ఆధారపడవలసి ఉంటుంది. కాబట్టి ఆఖరి రెండు నెలల దూరపు తొక్కుళ్లలో ఇంటి నుంచి ఏమీ తీసుకుపోకుండా, దారిలోని కిరాణా కొట్టులో దొరికినదానితోనే రోజు గడపండి. కొట్టులోకి అడుగుపెట్టినప్పటి నుంచి మళ్లీ పెడలు తొక్కేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. లోపలికి వెళ్లకముందే ఏమేమి కొనాలో అనుకొని వెళ్లినవారికి పన్నెండు నిమిషాలు, అల్మరాల ముందు నిలబడి ఆలోచించేవారికి నలభై.

ఒక హెచ్చరిక. దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడి, తలనొప్పి, వాంతి, అయోమయం కలుగుతాయి. దాహాన్ని బట్టి తాగండి, ఉప్పును మరవకండి.

నిద్ర, మేడ మీది సాధన

నిద్ర లేకుండా ఉండడం సాధన చేస్తే వచ్చే విద్య కాదు. వారాల తరబడి తక్కువ నిద్రతో దేహాన్ని అలవాటు చేద్దామనుకునేవారు అలసటను మాత్రమే కూడబెట్టుకుంటారు. సాధన చేయవలసినది నిద్రకు ముందూ వెనుకా ఉండే పని.

మా మేడ మీద నేను చేసినది ఇది. రాత్రి పదకొండుకు సైకిల్‌ను మెట్ల మీదుగా మోసుకెళ్లి, పూర్తి పక్క పరచి పడుకొని, నాలుగింటికి అలారం మోగగానే నుదుటి దీపం వెలుగులో అంతా సర్ది, సైకిల్ ఎక్కడానికి సిద్ధంగా నిలబడాలి. మొదటి రోజు 52 నిమిషాలు పట్టింది. ఒక మేజోడు కనిపించలేదు. చివరికి స్లీపింగ్ బ్యాగ్ అడుగున దొరికింది. గాలి పరుపును చుట్టేసరికి దాని సంచి ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఎనిమిదవ సారికి 17 నిమిషాలు. ఏ వస్తువు ఏ సంచిలో, ఏ వరుసలో ఉండాలో అప్పటికి చేతులకే తెలిసింది. రోజుకు 35 నిమిషాలు మిగిలితే ఇరవై నాలుగు ఉదయాలలో 14 గంటలు, అంటే మన లెక్కలో సరిగ్గా ఒక పూర్తి రోజు తొక్కుడు. కాళ్లతో ఆ ఒక్క రోజును సంపాదించాలంటే ఎంత చెమటోడ్చాలో ఊహించండి.

లేచిన వెంటనే పావుగంట నుంచి అరగంట దాకా బుర్ర మందంగా ఉంటుంది. ఆ సమయంలో చేతులు పని చేయాలి తప్ప నిర్ణయాలు తీసుకోకూడదు.

చలి, బురద

మే నెల మండుటెండలో సాధన చేసి, జూన్‌లో మంచు పడగల కనుమలలోకి దిగుతాము. మనవారికి చలిని గురించి పుస్తక జ్ఞానమే ఉంటుంది. జనవరిలో లంబసింగిలో రెండు రాత్రులు ఆరుబయట పడుకొని, తెల్లవారక ముందే ఘాట్ దిగి చూడండి. తడిసిన చేతులతో గొలుసు లింకు బిగించడం సాధ్యమో కాదో అక్కడ తెలుస్తుంది. ఎత్తు గురించి మాత్రం అంత బెంగ అక్కరలేదు. దారిలో అన్నిటికన్నా ఎత్తైన కొలరాడోలోని ఇండియానా కనుమ 3,630 మీటర్లే, అక్కడికి చేరేలోపు రోజుల తరబడి దారే దేహాన్ని అలవాటు చేస్తుంది.

న్యూమెక్సికోలో వాన పడితే దారి మన నల్లరేగడిలా మారి, చక్రానికీ ఫోర్కుకీ మధ్య కూరుకుపోయి, సైకిల్ ముందుకూ వెనక్కూ కదలదు. నల్లరేగడి పొలాల మధ్య పెరిగినవారు ఇందులో ఇతర దేశస్థుల కన్నా ముందున్నట్లే. అలాంటప్పుడు బలవంతంగా తోస్తే గేరు విరుగుతుంది. కొన్ని గంటలు ఎండ కోసం కాచుకోవడమే తొందరగా చేరే మార్గం.

రాత్రి రెండు గంటల మనసు

ఒక 400 బీఆర్ఎంలో 300వ కిలోమీటరు దగ్గర, రాత్రి ఒకటిన్నరకు, హైవే పక్క ధాబాలో నులకమంచం మీద టీ కోసం కూర్చున్నాను. చేతిలో ఏడున్నర గంటలు ఉన్నాయి. కాళ్లు బాగున్నాయి, సైకిల్ బాగుంది. అయినా సోమవారం ఆఫీసు పని, ఎదురుగాలి, లేని మోకాలి నొప్పి ఒకదాని వెనుక ఒకటి కారణాలుగా వచ్చి నిలబడ్డాయి. నిర్వాహకులకు ఫోను చేసి మానేస్తున్నానని చెప్పి, రెండు పరాటాలు తిని పడుకున్నాను. మూడున్నరకు మెలకువ వస్తే ఒళ్లు తేలికగా ఉంది, ఇంకా అయిదున్నర గంటల గడువుంది, కానీ నా పేరు అప్పటికే పట్టికలోంచి పోయింది. సాయంత్రం ఆరు తరువాత ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

టూర్ డివైడ్‌లో మానేయడాన్ని స్క్రాచ్ అంటారు. ఆ నిర్ణయాన్ని ఆకలికీ నిద్రకూ వదలకుండా ముందే కట్టుదిట్టం చేయాలి. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందుగా రాసుకున్న సంకల్పం, ఊరికే ‘గట్టిగా ఉంటాను’ అనుకున్నదాని కన్నా బాగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. నా హ్యాండిల్ సంచిలోని అట్టముక్క మీద ఉన్నవి మూడే వాక్యాలు. మొదటి చినుకు పడితే, అప్పుడే దిగి కోటు వేసుకుంటాను. ఎవరి మీదనైనా కారణం లేకుండా కోపం వస్తే, ఏదైనా తింటాను. మానేయాలనిపిస్తే, తిని, నాలుగు గంటలు పడుకొని, తెల్లవారాక ఇరవై కిలోమీటర్లు తొక్కిన తరువాతే ఆ మాట ఎత్తుతాను. మీ వాక్యాలు మీ బలహీనతలను బట్టి ఉండాలి; నావి అరువు తీసుకుంటే పనిచేయవు. తలకు దెబ్బ, ఛాతీ నొప్పి, మాట ముద్దగా రావడం, నిలువరించలేని వణుకు మాత్రం ఈ నియమానికి లోబడవు. వాటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి సహాయం అడగాలి.

ఇంటివారిని సిద్ధం చేయడం కూడా ఇందులోకే వస్తుంది. సైకిల్‌కు కట్టిన ట్రాకర్ వల్ల మీరు పటం మీద ఒక చుక్కగా కనిపిస్తూ ఉంటారు. ఆ చుక్క ఆరు గంటలు కదలకపోతే మీరు నిద్రపోతున్నారనీ, రోజంతా కనిపించకపోతే లోయలో సంకేతం అందక అయి ఉండవచ్చనీ ముందే చెప్పండి. రోజుకొక వేళ పెట్టుకొని, ఒక్క ఫోను చాలనుకోండి. అమ్మ గొంతు విన్నాక మళ్లీ వానలోకి వెళ్లడం ఎంత కష్టమో తెలిసినవారికి తెలుసు. అందుకని ఆ ఫోను ఉదయం, సైకిల్ ఎక్కిన తరువాత చేయడం మేలు.

వచ్చే పాఠానికి ముందు రెండు శనివారాలు మేడ మీదో పెరట్లోనో పడుకొని, ఆ మరునాడు పూర్తి సామానుతో 150 కిలోమీటర్లు తొక్కండి. సర్దడానికి పట్టిన నిమిషాలు, మొత్తం గడిచిన కాలం, అందులో చక్రం కదిలిన కాలం, కొట్ల దగ్గర ఆగిన నిమిషాలు, ఈ నాలుగు అంకెలను నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వ్యోమింగ్‌లోని గ్రేట్ డివైడ్ బేసిన్‌లో నీళ్లు అరుదైన సుమారు 200 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు మోయాలో నాలుగవ పాఠంలో ఆ అంకెలతోనే లెక్క కడదాము.