పట్టీ కట్టి, తక్కువ బరువుతో కండ పెంచడం ఎలా?

నల్లగొండ, పాలమూరు జిమ్ములలో ఈమధ్య కొందరు పోరగాళ్లు భుజం కింద పట్టీ బిగించి, మూడు కిలోల డంబెల్‌తో చెమటలు కక్కుతున్నారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది గాని పద్ధతి ఉత్తదేం కాదు. దీని పేరు బ్లడ్ ఫ్లో రెస్ట్రిక్షన్, అంటే రక్తం పారడాన్ని కొంత అడ్డుకోవడం, జిమ్ము భాషలో బీఎఫ్ఆర్. జపాన్‌లో యోషియాకి సాటో అనే ఆయనకు 1966లో ఈ ఆలోచన తట్టింది. ఒక బౌద్ధ కార్యక్రమంలో చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుంటే పిక్కలు తిమ్మిరెక్కి, బరువులెత్తాక వచ్చే బిగువే వచ్చిందట. ఆయన దానికి 'కాట్సు' అని పేరు పెట్టుకున్నారు.

చేయి లోపలికి రక్తం తెచ్చే ధమనులు లోతుగా, గట్టిగా ఉంటాయి. తిరిగి తీసుకుపోయే సిరలు పలచన. పట్టీని ఓ మోస్తరుగా బిగిస్తే సిరలు మూసుకుంటాయి, ధమనులు మాత్రం కొంత పారుతూనే ఉంటాయి. రక్తం లోపల నిలిచి, ఆక్సిజన్ తగ్గి, కండ పనిచేసేటప్పుడు తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం పేరుకుంటుంది. చిన్న బరువుకే కండ తొందరగా అలిసిపోయి, మామూలుగా పెద్ద బరువుకు మాత్రమే పనిచేసే కండపోగులు కూడా పనిలోకి దిగుతాయి. కండ పెరగడానికి ముఖ్య కారణం అదే అంటారు.

ఈ వ్యవహారమంతా ఆ 'ఓ మోస్తరు' మీదే నడుస్తుంది. మన ఊళ్లలో పాము కరిస్తే తాడుతో కట్టినట్టు కడితే చేయి పాడవుతుంది తప్ప కండ రాదు. (పాము కరిచినప్పుడు కూడా అలా కట్టొద్దనే డాక్టర్లు చెప్తారు, అది వేరే సంగతి.)

ముందు మీరు చేయొచ్చో లేదో చూసుకోండి

కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఉబ్బిన సిరలు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. షుగర్‌తో కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు కూడా అంతే, పట్టీ ఎక్కువైన సంగతి వాళ్లకు తెలియదు. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లు, పొగతాగేవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దలకు 'బరువు తక్కువే కదా' అని సొంతంగా పట్టీ కట్టకండి. వాళ్ల ఎముకలు, నరాలు అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాల్సిన పని అది.

పట్టీ, చోటు, బిగువు

మీటరు ఉన్న గాలి పట్టీ దొరికితే అదే మేలు. చేతికి, కాలికి రక్తాన్ని పూర్తిగా ఆపే ఒత్తిడి ఎంతో దాంతో ముందు కొలుస్తారు. తర్వాత చేతులకు అందులో 40 నుంచి 50 శాతం, తొడలకు 60 నుంచి 80 శాతం పెడతారు. అది లేకపోతే సాగే మోకాలి ర్యాప్ చాలు. చేతికి ఐదు సెంటీమీటర్ల వెడల్పు, తొడకు అంతకంటే వెడల్పు ఉండాలి. పట్టీ ఎంత సన్నగా ఉంటే అంత లోతుగా కోస్తుంది. సైకిల్ ట్యూబు, నాడా, చున్నీ లాంటివి వద్దే వద్దు.

కట్టే చోట్లు రెండే: చేతికి భుజం దగ్గర, కాలికి గజ్జల దగ్గర. మోచేతి కింద, మోకాలి కింద నరాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ కట్టొద్దు. చేతులకూ కాళ్లకూ ఒకేసారి కట్టొద్దు.

మీటరు లేనప్పుడు బిగువును పది మార్కులకు లెక్కేసుకోండి. పదికి పది అంటే ఇక బిగించలేనంత. తొడలకు ఏడు, చేతులకు ఆరు దాటొద్దు. కొత్తవాళ్లు ఐదు దగ్గరే మొదలుపెట్టొచ్చు. కట్టాక రెండు పరీక్షలు చేయండి. ఒకటి, మణికట్టు దగ్గర నాడి తగలాలి. రెండోది, అరచేతిని బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. కాలికైతే మోకాలి పైన నొక్కి చూడండి. ఆలస్యమైతే పట్టీ వదులు చేయాల్సిందే.

బరువు, లెక్క

ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 30 శాతం తీసుకోండి. 15 కిలోల డంబెల్ పట్టుకుని మోచేయి ఒక్కసారి మడవగలిగితే మీకు మూడు, నాలుగు కిలోలు సరిపోతాయి. ఇంట్లో ఐదు లీటర్ల క్యాన్‌లో మూడు లీటర్ల నీళ్లు పోసినా పని జరుగుతుంది. కాళ్లకైతే కుర్చీలోంచి లేచి కూర్చోవడమే మంచి మొదలు.

మొదటి సెట్టు (ఆగకుండా చేసే విడత) 30 రెప్స్, అంటే ముప్పై సార్లు ఎత్తి దించడం. ముప్పై సెకన్లు ఆగి 15, మళ్లీ ఆగి 15, మళ్లీ 15. మొత్తం 75. ఆగినప్పుడు పట్టీ విప్పొద్దు. రెప్‌కు మూడు సెకన్లు వేసుకున్నా ఐదున్నర నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ వెంటనే పట్టీ విప్పి, రెండు మూడు నిమిషాలు చేతులాడించాకే ఇంకో వ్యాయామానికి పోండి. మొదటి ముప్పై కూడా పూర్తి కాలేదంటే బరువైనా ఎక్కువ, బిగువైనా ఎక్కువ. చివరి సెట్టు పదికి ఆగిపోతే ఫికర్ లేదు.

కండలో మంట మస్తుగా ఉంటుంది, చర్మం కాస్త ఎర్రబడుతుంది. అవి మామూలే. మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టుండటం, చల్లబడటం, నీలంగా మారడం, పట్టీ కింద పోటు... వీటిలో ఏది కనబడినా సెట్టు మధ్యలోనే విప్పేయండి. మర్నాడు ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే, లేదా మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఇంట్లో ఆగకుండా దవాఖానకు పోవాలి.

వారానికి రెండు రోజులు చాలు, అలవాటయ్యాక మూడు. నల్లగొండ ఎండాకాలంలో మధ్యాహ్నం చేయకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ వ్యాయామం మరింత ప్రమాదం. పొద్దున్నే, నీళ్లు తాగి చేయండి. రాత్రి కల్లు తాగినవాళ్లు పొద్దున దీన్ని వదిలేయడమే మంచిది.

ఎవరికి పనికొస్తుంది?

కబడ్డీలో మోకాలు దెబ్బతిని బరువులు ఎత్తలేనివాళ్లకు ఇది వరం లాంటిది, అదీ ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చేస్తే. కండ పెరగడంలో పెద్ద బరువులకు దాదాపు సాటి వస్తుంది గాని, బలం విషయంలో పెద్ద బరువులదే పైచేయి. కాబట్టి కానిస్టేబుల్ సెలక్షన్లకు 7.26 కిలోల గుండు విసిరే అబ్బాయిలు పట్టీల మీద భరోసా పెట్టుకుని స్క్వాట్లు మానేయొద్దు. పెద్ద బరువుల రోజు చివర్లో ఒక వ్యాయామంగా చేర్చుకుంటే చాలు.

సరైన బిగువు కుదిరాక పట్టీ మీద పెన్నుతో గీత పెట్టుకోండి, ప్రతిసారీ అక్కడికే లాగొచ్చు. అయితే చెమటకు, ఉతుకులకు సాగే గుణం పోతుంది. అప్పుడు అదే గీత దగ్గర కూడా బిగువు తక్కువ వస్తుంది. నెలకోసారి నాడి, రంగు మళ్లీ చూసుకుని కొత్త గీత పెట్టుకోవాలి. పూర్తిగా వదులైన పట్టీ పారేయండి.