హవాయి వెళ్తున్నారా? అక్కడి మాటలు నాలుగు నేర్చుకోవడం ఎలా?

హవాయి భాషలో ఒక మాట మీకు ఇప్పటికే వచ్చు. వికీపీడియాలోని "వికి" అక్కడిదే. హొనొలులు విమానాశ్రయంలో టెర్మినళ్ల మధ్య తిరిగే బస్సు పేరు "వికి వికి", అంటే గబగబా అని. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ తన వెబ్‌సైటుకు ఆ బస్సు పేరే పెట్టుకున్నాడు.

ఇంగ్లీషు వస్తే హవాయిలో పనులన్నీ జరిగిపోతాయి, నిజమే. అయినా నేర్చుకోమనే చెబుతాను. 1893లో రాణి లిలి‘ఉఒకలనిని గద్దె దింపారు. 1896లో బడుల్లో ఇంగ్లీషులోనే చదువు చెప్పాలని చట్టం తెచ్చారు. ఆ తర్వాత రెండు మూడు తరాల్లో సొంత భాష ఇళ్లలోంచి కూడా జారిపోయింది. అక్కడి జనం పట్టుబట్టి దాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. 1978లో అది రాష్ట్ర రాజ్యాంగంలో ఇంగ్లీషుతో పాటు అధికార భాష అయింది. 1984లో కఉఅ‘ఇ దీవిలో హవాయి భాషలోనే నడిచే పసిపిల్లల బడి మొదలైంది. అంత కష్టపడి దక్కించుకున్న మాటల్ని, చుట్టం చూపుగా వెళ్లినవాళ్లం సరిగ్గా పలకడం కనీస మర్యాద.

ముందు పలుకు పట్టుకోండి

మాటల పట్టిక బట్టీ పట్టే ముందు ఒక పూట దీనికే ఇవ్వండి. ఈ భాషకు ఉన్నవి 13 అక్షరాలే: అచ్చులు ఐదు, హల్లులు ఎనిమిది. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, అచ్చం మన అజంత భాషలాగే. ఇంగ్లీషువాళ్లను తిప్పలు పెట్టే హ్రస్వ దీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చినవి. ఎ, ఏ, ఒ, ఓ తేడా ఇక్కడ బాగా పనికొస్తుంది. హవాయి రాతలో అచ్చు నెత్తిన అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. ఆ గీతను కహకో అంటారు. "కల" అంటే వదిలెయ్యడం, మన్నించడం. "కాలా" అంటే డబ్బు. క్షమాపణ చెప్పేటప్పుడు దీర్ఘంగా పలికారంటే మాటే మారిపోతుంది.

మనం కాస్త కష్టపడాల్సింది ‘ఒకిన దగ్గర. తిరగేసిన కామాలా కనిపించే ఆ గుర్తు కూడా ఒక హల్లే, ఎనిమిదింటిలో ఒకటి. అది ఉన్నచోట గొంతు ఒక్క క్షణం మూసి వదలాలి. మనకేమో రెండు అచ్చులు పక్కపక్కన వస్తే సంధి చేసెయ్యడమో, మధ్యలో యకారం చొప్పించడమో అలవాటు. "మా అమ్మ" మన నోట్లో "మాయమ్మ" అయిపోతుంది కదా, అలాగే "హవై‘ఇ" కూడా "హవాయి" అయిపోతుంది. ఇక్కడ ఆ అలవాటు పక్కన పెట్టండి. "మొఅ" అంటే కోడి, "మొ‘అ" అంటే ఉడికింది. ఈ రెండింటినీ వెంటవెంటనే పైకి పలుకుతూ సాధన చేయండి, గొంతుకు తేడా తెలుస్తుంది.

క, ప అక్షరాల్ని ఇంగ్లీషువాళ్లలా ఊది పలకక్కర్లేదు, మనవి మనలాగే పలికితే చాలు.

పలకరింపులు

అలొహ: కలిసినప్పుడూ, వీడ్కోలప్పుడూ. నడిమి అక్షరాన్ని కాస్త ఒత్తండి.
అలొహ కకహిఅక: పొద్దున పలకరింపు. సాయంత్రమైతే అలొహ అహిఅహి.
మహలొ: ధన్యవాదాలు. బాగా రుణపడ్డామనిపిస్తే మహలొ నుఇ లొఅ.
ఎ కల మై: క్షమించండి. 
‘అ‘ఒలె పిలికిఅ: పర్లేదు, ఇబ్బందేం లేదు.
‘ఒ లక్ష్మి కొ‘ఉ ఇనొఅ: నా పేరు లక్ష్మి.
అ హుఇ హొఉ: మళ్లీ కలుద్దాం.

నలుగురు కూడిన చోట "అలొహ కాకొఉ" అంటారు. కాకొఉ అంటే మనమందరం, వినేవాళ్లతో కలిపి. వినేవాళ్లను మినహాయిస్తే అది మాకొఉ. ఇంగ్లీషులో లేని ఈ తేడా మన "మనం", "మేము"లో ఉన్నదే. పైగా "మాకు" అనే మాటను తలచుకుంటే మాకొఉ ఏ వైపుదో ఇక మరిచిపోరు. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, పోలిక కాకతాళీయమే. కానీ గుర్తు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొండగుర్తు దొరకదు.

పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అని పిలవడం అక్కడ మామూలే. ఇది మనకెవరూ నేర్పక్కర్లేదు.

దారి, బోర్డులు

హొనొలులులో దారి అడిగితే తూర్పు, పడమర అనరు. మకై అంటే సముద్రం వైపు, మౌక అంటే కొండల వైపు. మిగతా రెండు దిక్కులకు ఊరికి అటూ ఇటూ ఉన్న చోట్ల పేర్లే వాడతారు: డైమండ్ హెడ్ వైపు, ‘ఎవ వైపు. "ఆ మూలన మౌక వైపు ఉన్న దుకాణం" అంటే నాలుగు మూలల్లో కొండకు దగ్గరిది.

బోర్డు మీద "కపు" అని ఉంటే అటు అడుగు పెట్టొద్దు, అది నిషిద్ధం. "హెఇఅఉ" అంటే పాత గుడి ఉన్న చోటు. అక్కడ రాతి గోడలెక్కడం, రాళ్లు కదపడం చేయకండి. టాయిలెట్ తలుపు మీద కానె అంటే మగవాళ్లు, వాహినె అంటే ఆడవాళ్లు (ఇక్కడ కా, వా దీర్ఘాలే). "పఉ" అంటే అయిపోయింది.

తిండి దగ్గర

శాకాహారులు ఈ నాలుగూ తప్పకుండా గుర్తుంచుకోండి: ఇ‘అ చేప, మొఅ కోడి, పుఅ‘అ పంది, పిపి గొడ్డుమాంసం. లౌలౌ అనే వంటకాన్ని చూస్తే చామాకుల పొట్లంలా ఉంటుంది, మన కంటికి ఎంతో తెలిసినట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం సాధారణంగా పందిమాంసం ఉంటుంది. కలొ అంటే మన చామే. దాని దుంపను ఉడికించి, దంచి, నీళ్లు కలిపితే పొఇ అవుతుంది. తాజాది తియ్యగా, ఒకట్రెండు రోజులు పులిసింది పుల్లగా ఉంటుంది. పులిసిన పిండి రుచి తెలిసిన నాలుక మనది, తప్పకుండా చూడండి. నచ్చితే "‘ఒనొ" అనండి, రుచిగా ఉంది అని. ‘ఒకిన మింగేస్తే అది ఒక చేప పేరు.

పొడుగు పేర్లను విడగొట్టండి

ఆ రాష్ట్రపు చేప పేరు హుముహుమునుకునుకుఆపుఅ‘అ. హుముహుము, నుకునుకు, ఆ, పుఅ‘అ అని ముక్కలు చేస్తే నోరు తిరుగుతుంది. అర్థం పందిలాంటి మూతి ఉన్న హుముహుము చేప అని. ఊళ్ల పేర్లలో "వై" కనిపిస్తే మంచినీళ్లు, "మౌన" కనిపిస్తే కొండ: మౌన కెఅ తెల్ల కొండ, మౌన లొఅ పొడుగు కొండ. ఒ‘అహు దీవిలో రాకుమారి పేరు పెట్టిన ఒక హైవే ఉంది. బోర్డు చూసి చాలామంది "లైక్ లైక్" అని చదివేస్తారు. అది లికెలికె.

బయల్దేరే ముందు మీ హోటలున్న వీధి పేరు, చూడబోయే ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వెహెవెహె అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతికి, దీర్ఘాలెక్కడో ‘ఒకిన ఎక్కడో తెలుగు లిపిలోనే గుర్తు పెట్టుకోండి. పాత బోర్డుల మీద ఈ గుర్తులు తరచుగా ఉండవు, కాబట్టి దారిలో మీ కాగితమే అక్కరకొస్తుంది. రోజూ కొంచెం సాధన కావాలంటే డుయోలింగోలో హవాయి పాఠాలు ఉన్నాయి. ఫిబ్రవరిలో వెళ్లేవాళ్లకు ఇంకా మంచిది. అక్కడ అది హవాయి భాషా మాసం.