క్లిప్పులు ఉన్నన్నాళ్లూ చిగుళ్లు చెడకుండా చూసుకోవడం ఎలా?

పెద్ద వయసులో పళ్లకు క్లిప్పులు వేయించుకునేవాళ్లు ముందు చిగుళ్ల సంగతి తేల్చుకోవాలి. ప్రోబ్ అనే గీతలున్న సన్నటి కడ్డీతో డాక్టరు ప్రతి పంటి చుట్టూ చిగురుకీ పంటికీ మధ్య ఉన్న సందు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. 4, ఆపైన ఉండి నెత్తురు వస్తుంటే గార తీయించి, చిగుళ్లు కుదుటపడ్డాకే తీగ వేయించుకోవాలి. ఇందుకు మూడు నాలుగు నెలలు పట్టినా తొందరపెట్టొద్దు. వాపున్న చోట పన్ను జరిపితే దాని చుట్టూ ఎముక త్వరగా కరుగుతుంది. కరిగింది మళ్లీ దానంతటది పెరగదు.

క్లిప్పులు పడ్డాక పాచి ఎక్కువగా పట్టేది బ్రాకెట్‌కీ (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న ముక్క) చిగురుకీ మధ్య ఉన్న సన్నటి జాగాలో. బ్రష్ చాలామందికి అక్కడికే అందదు. మెత్తటి కుచ్చు బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్నగా కదుపుతూ ఒక్కో పన్నూ తోమండి. తర్వాత బ్రాకెట్ రెండో వైపు. ఆపైన ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను (పళ్ల సందుల్లో దూరే సన్నటి బ్రష్) తీగ కిందుగా పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి దూర్చాలి. బిగుతుగా ఉంటే నెట్టకుండా చిన్న సైజు తీసుకోండి. రాత్రి ఒక్కసారి సూపర్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే, ఒక కొస గట్టిగా ఉండే దారం) గట్టి కొసను తీగ కింద నుంచి లాగి, పంటిని చుట్టి చిగురు అంచు దాకా దించండి. మొదట్లో అంతా కలిపి పది నిమిషాలు పడుతుంది. ఇరుక్కున్న పాలకూర పీచును పిన్నీసుతో మాత్రం గుచ్చకండి.

నెత్తురు కనబడగానే ఆ చోటు వదిలేస్తే పాచి పెరిగి వాపు ముదురుతుంది. అక్కడే మెల్లగా, రోజూ తోమితే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. సిగరెట్, ఖైనీ అలవాటుంటే జబ్బున్నా నెత్తురు తక్కువ రావచ్చు, అది చూసి మోసపోవద్దు.

డాక్టరు చెబితేనే క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) 0.2 శాతం మౌత్‌వాష్‌తో పుక్కిలించండి: 10 మిల్లీలీటర్లు, నిమిషం పాటు, తోమిన అరగంటకు. పేస్టులోని నురగ పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది. రెండు వారాలు దాటితే పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, టీ తాగేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ.

బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగురు పెరిగి బ్రాకెట్ మీదికి వస్తుంది. మాత్ర సొంతంగా ఆపకుండా బీపీ డాక్టరుకూ, పళ్ల డాక్టరుకూ చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే ఎంత తోమినా చిగుళ్లు మాట వినవు.

మూడు నెలలకోసారి క్లీనింగ్ చేయించండి. పన్ను కాస్త కదలడం ఈ చికిత్సలో మామూలే. చీము వచ్చినా, చిగురు దిగి పన్ను పొడుగ్గా కనబడినా, ఒక్క పన్నే బాగా ఊగుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లండి.