మాడ్రిడ్‌లో ఇద్దరికీ ఒకే మెట్రో కార్డు చాలు

ఫుట్‌బాల్ స్టేడియాలు, బుల్‌రింగ్ (ఎద్దుల పోటీ మైదానం) చూద్దామని బయల్దేరితే మెట్రో మెషీన్ దగ్గర మనిషికో కార్డు కొనడం దండగ. ఎరుపు రంగు మల్టీ కార్డు ఒక్కటే తీసుకోండి, కార్డుకి 2.50 యూరోలు. అందులో జోన్ ఎ (నగరం లోపలి ప్రాంతం) 10 ప్రయాణాల టికెట్ ఎక్కించండి. ఒకరు గేటు దాటాక కార్డు వెనక్కి అందిస్తే రెండోవాళ్లు మళ్లీ ఆనించి రావచ్చు, మనిషికి ఒక ప్రయాణం తగ్గుతుంది. లోపల లైను మారినా మళ్లీ కోత పడదు.

మేం వెళ్లిన దారి ఇది. ముందు 10వ లైనులో రియల్ మాడ్రిడ్ జట్టు స్టేడియం శాంటియాగో బెర్నబ్యూ. అక్కణ్ణుంచి అదే లైనులో వెళ్లి అలోన్సో మార్టినెజ్‌లో దిగి 5వ లైను పట్టుకుంటే నాలుగో స్టేషన్ వెంటాస్. మెట్లెక్కి బయటికొస్తే ఎర్ర ఇటుకల బుల్‌రింగ్ ఎదురుగానే ఉంటుంది. బయట పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ విగ్రహం కూడా ఉంది, పోట్లగిత్తలతో తలపడేవాళ్ల ప్రాణాలు కాపాడిన మందు కదా! అదే 5వ లైనులో ప్యూబ్లో న్యువో దాకా వెళ్లి 7వ లైనుకి మారితే అట్లెటికో మాడ్రిడ్ జట్టు స్టేడియం మెట్రోపాలిటానో. తిరుగు ప్రయాణంతో కలిపి ఇద్దరికీ 8 అయ్యాయి, ఇంకా 2 మిగిలాయి.

ఒక్క జాగ్రత్త: విమానాశ్రయం స్టేషన్‌కి ఈ టికెట్ ఒక్కటే సరిపోదు, మనిషికి అదనపు రుసుము విడిగా కట్టాలి. పేరు మీద ఇచ్చే కార్డునైతే ఇలా పంచుకోవడం కుదరదు. మ్యాచ్ రోజున, ఎద్దుల పోటీ రోజున లోపలి సందర్శన వేళలు మారిపోతాయి, ముందురోజే చూసుకోండి.